పసిబిడ్డలున్న ఇంటి వాకిళ్ళు: మే నుంచి డిసెంబరు దాకా పని డైరీ

ఇల్లు తిరుపతి ఎం.ఆర్.పల్లి వైపు, కింది వాటా. వాకిళ్ళు ఏడు. వీధి వాకిలి టేకు రెక్క, వేప ద్వారబంధం. దాని ముందు దోమల జాలీ తలుపు. పడకగదులకు రెండు ఫ్లష్ తలుపులు, స్నానాల గదికి పీవీసీ తలుపు, పూజ గదికి గంటల జోడు తలుపులు, మిద్దె మెట్లకు ఇనుప గేటు, పెరటికి రేకు తలుపు. ఇంట్లో దోగాడే బిడ్డ ఒకరు, రెండేళ్ళు దాటిన బిడ్డ ఒకరు.

తిరుపతిలో కాపురమంటే కొండకొచ్చే చుట్టాలు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు ఈ ఇంటి అలవాట్లు తెలియవు, వాళ్ళ వెంట వచ్చే బిడ్డలకు ఈ తలుపులు కొత్త. అందుకే పని మొదట్లోనే ఒక షరతు పెట్టుకోవాలి: ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటేనే పనిచేసే ఏర్పాటు ఇక్కడ లెక్కలోకి రాదు. కింద వదిలేసినవన్నీ ఈ షరతు దగ్గరో, ఎండకో, గాలికో ఓడిపోయినవే.

మే: కొలతలు

పనిముట్లు: టేపు, కొత్త పెన్సిలు, సామాను తూచే వేలాడే త్రాసు, కొన్ని లేత బెండకాయలు.

1. తలుపు మూసి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, 90 డిగ్రీల దగ్గర ఒకసారి, గోడకు ఆనేదాకా తెరిచి ఒకసారి మడత బందుల వైపు సందు కొలవాలి. రెక్క రెండు పక్కలా కొలవాలి.
2. మామూలు పెన్సిలు మందం సుమారు 7 మి.మీ. అది దూరిన చోటల్లా చంటివేలు దూరుతుందనే అనుకోవాలి.
3. రెక్క అడుగు సందును అది తిరిగే దారి పొడవునా కొలవాలి. నేల సమంగా ఉందని నమ్మి ఒక్కచోట కొలిచి ఊరుకోకూడదు.
4. పిడికి త్రాసు తగిలించి లాగి, తలుపు ఎంత బలానికి కదులుతుందో చూడాలి.
5. సందులో బెండకాయ పెట్టి తలుపు మెల్లగా మూయాలి. ఇది ఇంట్లో పెద్దవాళ్ళందరి ముందూ చేయాలి. మాటలతో ఒప్పుకోని వాళ్ళు కూడా ఆ బెండకాయను చూశాక పనికి అడ్డు చెప్పరు.

పడకగది తలుపు లెక్క ఇది. రెక్క మందం 30 మి.మీ., వెడల్పు 84 సెం.మీ., బరువు దాదాపు 30 కిలోలు. మూస్తే బందుల వైపు సందు 3 మి.మీ. 90 డిగ్రీలు తెరిస్తే అదే సందు 35 మి.మీ. అవుతుంది. అంటే తెరిచి ఉన్నప్పుడు బిడ్డ చేయి మొత్తం పట్టే చోటు, మూసేసరికి గోరు కూడా పట్టని చోటు. పిడి బందుకు 76 సెం.మీ. దూరంలో ఉంది. అక్కడ 2 కిలోల బలంతో తోస్తే, బందు ఇరుసుకు 2.5 సెం.మీ. దూరంలో ఉన్న వేలి మీద పడేది దానికి 30 రెట్లు, సుమారు 60 కిలోలు. రెండేళ్ళ అక్క ఆడుతూ తోసినా చాలు, అవతల తమ్ముడి వేలు నలిగిపోతుంది. తోసిన బిడ్డకు తలుపు ఎక్కడో అడ్డుపడినట్టు అనిపిస్తుందంతే, ఇంకా గట్టిగా తోస్తుంది.

బొమ్మల భద్రతా ప్రమాణం ఐ.ఎస్. 9873లో కీళ్ళకు ఒక నియమం ఉంది: 5 మి.మీ. కడ్డీ దూరే సందులో 12 మి.మీ. కడ్డీ కూడా దూరాలి. దూరిన వేలు ఏ దశలోనూ నలగకూడదని దాని ఉద్దేశం. ఇంటి తలుపు ఆ నియమానికి ఎప్పటికీ లొంగదు, ఎందుకంటే సందు 35 నుంచి 3కు పడిపోతూనే ఉంటుంది. కాబట్టి సందును సరిచేయడం కుదరదు, కప్పెయ్యాలి.

గడియల ఎత్తుకు ఇంకో కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో నడిమి ఎత్తు రెండేళ్ళకు సుమారు 87 సెం.మీ., మూడేళ్ళకు 96. మునివేళ్ళ మీద నిలబడి చెయ్యెత్తితే ఇంకో 25 కలపాలి. పొడుగు బిడ్డలకు ఇంకాస్త. 140 సెం.మీ. దగ్గర పెట్టిన గడియ ఆ బిడ్డలకు అందదు, భుజం నొప్పి ఉన్న అవ్వకు అందుతుంది. ముక్కాలి పీట మాత్రం తలుపుల దగ్గర ఉండకూడదు.

మే చివర: అంటించే పట్టీలు

అంగట్లో దొరికే పారదర్శక ప్లాస్టిక్ పట్టీలు రెండు, వెనక రెండు వైపులా అంటుకునే టేపు ఉన్నవి, పడకగది తలుపులకు పెట్టడం జరిగింది. పడమటి గదిలో పట్టీ పైభాగం వారం తిరక్కుండానే ఊడింది. నలభై దాటే ఎండలో టేపు జిగురు మెత్తబడుతుంది, తలుపు తెరిచిన ప్రతిసారీ పట్టీ దాన్ని లాగుతుంది. ఆయిల్ పెయింటు మీద అయితే జిగురుతో పాటు రంగు పొరా లేచి వస్తుంది. సగం ఊడి ఉచ్చులా వేలాడే పట్టీ అసలు పట్టీ లేకపోవడం కంటే అపాయం, బిడ్డ తల దూర్చే వీలుంటుంది. రెండూ తీసేయాల్సి వచ్చింది.

ఈ ఊరి ఎండకు స్క్రూలతో బిగించనిది ఏదీ నిలవదు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 700, అంతా వృథా.

జూన్: రెక్సిన్ పట్టీ

మోటారు సైకిలు సీటు కవర్లు కుట్టే అంగట్లో మందపాటి రెక్సిన్ దొరుకుతుంది, కుట్టిపెట్టేదీ వాళ్ళే. రెండు పొరలు వీపులు కలిపి కుట్టించాలి. ఒక పొరతో చేసినది స్క్రూ రంధ్రాల దగ్గర చిరుగుతుంది.

వెడల్పు ఎంతన్నదే ఇందులో కీలకం. ద్వారబంధం మీద బిగింపు గీత, రెక్క మీద బిగింపు గీత, ఈ రెంటి మధ్య దూరం పడకగది తలుపుకు ఇలా వచ్చింది:

మూసినప్పుడు 29 మి.మీ.
90 డిగ్రీల దగ్గర 84 మి.మీ.
పూర్తిగా, అంటే 115 డిగ్రీల దగ్గర 91 మి.మీ.

చాలామంది 90 డిగ్రీల కొలతకు కోస్తారు. ఎవరైనా తలుపును గోడదాకా విసిరేస్తే ఆ 7 మి.మీ. తేడాకే పట్టీ స్క్రూల దగ్గర చినుగుతుంది. కొలత పూర్తిగా తెరిచే తీసుకోవాలి. 91కి 6 మి.మీ. వదులు, రెండు అంచులకూ బిగింపు కోసం చెరో 20 కలిపితే 137. కోసింది 14 సెం.మీ. పొడవు నేల నుంచి 1 సెం.మీ. పైన మొదలై 125 సెం.మీ. ఇది రెక్కను తోసే వైపుకు. బందుల గుబ్బలు కనిపించే వైపు సందు 4 మి.మీ. దాటలేదు కాబట్టి అక్కడ పట్టీ అక్కర్లేదు. పాత ఇళ్ళలో రెక్క కుంగి అది 6, 7 అవుతుంది, అలాంటి చోట బందులు మార్చాకే ఈ పనికి దిగాలి.

బిగించే వరుస:

1. 20 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టీలు 125 సెం.మీ. చొప్పున కోయాలి. మూలలు ఆకురాయితో గుండ్రంగా రాయాలి.
2. పట్టీకి ప్రతి 12 సెం.మీ.కు ఒక రంధ్రం. స్క్రూ తల మునిగేలా రంధ్రం నోరు వెడల్పు చేయాలి.
3. ముందు ద్వారబంధం వైపు బిగించాలి. రెక్సిన్ అల్యూమినియం కింద ఉండాలి.
4. తలుపు పూర్తిగా తెరిచి ఉంచి రెక్క వైపు బిగించాలి. మూసి ఉంచి బిగిస్తే వదులు తెలియదు.
5. ఒకరు తలుపు మెల్లగా మూస్తుంటే ఇంకొకరు రెక్సిన్ ఎటు మడుస్తుందో చూడాలి.

అయిదో మెట్టు దగ్గరే అసలు చిక్కు వచ్చింది. మూసినప్పుడు 29 మి.మీ. చోటులో దాదాపు 97 మి.మీ. రెక్సిన్ ఇమడాలి. మిగిలింది బయటికి ఉబ్బాలి గానీ, మొదటి పట్టీ లోపలికి, రెక్క కూర్చునే గాడిలోకి మడిచింది. గాడిలో గుడ్డ చిక్కుకుంటే తలుపు మూతపడదు. మూతపడని తలుపును మనుషులు భుజంతో తోస్తారు. ఆ తోపంతా బందుల మీద పడి, పైబందు స్క్రూలు వేప చట్రంలోంచి బయటికొచ్చాయి. ఉన్నవి అంగుళం స్క్రూలే.

చేసిన మార్పులు రెండు. పాత రంధ్రాల్లో ఫెవికాల్ పూసిన వెదురు పుల్లలు దిగ్గొట్టి, ఆరాక రెండంగుళాల స్క్రూలు ఎక్కించడం ఒకటి. రెక్సిన్ నడుమ నిలువుగా ఒక కుట్టు వేయించి, ఆ గీత మీద బయటికి మడత పెట్టి, ఒక రాత్రంతా బరువు కింద ఉంచడం రెండోది. మడత గీత ముందే ఉంటే రెక్సిన్ ప్రతిసారీ అటే వంగుతుంది. దీని తర్వాత గాడిలోకి పోవడం ఆగింది.

వీధి వాకిలికి కూడా ఇదే పట్టీ. అయితే గడపకు మేకు గానీ స్క్రూ గానీ కొట్టకూడదు. పసుపు కుంకుమ పెట్టే చోట ఇనుము దించడం ఇంటి పెద్దలు ఒప్పుకోరు, దాని అవసరమూ లేదు. పట్టీ గడప పైనుంచి మొదలైతే చాలు.

రెక్సిన్ రూ. 360, కుట్టుకూలి 240, అల్యూమినియం ఏడున్నర మీటర్లు 525, స్క్రూలు 90, బందుల మరమ్మతు 60.

ఇప్పటిదాకా: రూ. 1,975.

జులై: గాలి

ఆషాఢం గాలికి ముందు గది కిటికీ తెరిస్తే వెనక గది తలుపు దఢాలున పడుతుంది. ఇక్కడ నలిగేది గడియ వైపు అంచులో పెట్టిన వేళ్ళు.

ఫోమ్ క్లిప్పులు, రెక్క అంచుకు తగిలించే గుర్రపునాడా ఆకారంవి, నాలుగు తెచ్చి వాడి వదిలేశాం. బిడ్డకు అందే ఎత్తులో పెడితే కొరుకుతారు, ఊడే ముక్క గొంతుకు అడ్డం పడేంత ఉంటుంది. ఎత్తులో పెడితే గాలికి రెక్క ఊగి జారిపడతాయి. గడియ పెట్టాలనుకున్న వాళ్ళు తీసి మళ్ళీ పెట్టరు. తలుపు పైన మడిచి వేసే తువ్వాలు కూడా ఇంతే, ఆ పూటకు పనికొస్తుంది.

నేలకు బిగించే అయస్కాంతపు స్టాపర్లు రెండు కూడా పక్కన పడ్డాయి. వాటి కొసన రబ్బరు టోపీ 20 మి.మీ. ఉంది, పళ్ళతో లాగితే వచ్చేస్తుంది. చిన్న ముక్కల పరీక్షకు వాడే గొట్టం వ్యాసం 31.7 మి.మీ. అందులో పూర్తిగా పట్టేది ఏదైనా మూడేళ్ళ లోపు బిడ్డ గొంతుకు అపాయమే. ఇంట్లో ఉన్న ఇలాంటి స్ప్రింగు స్టాపర్లకూ టోపీలు పీకి చూడండి, చేతికొస్తే మొత్తం తీసేయండి.

నిలిచినవి ఇవి: పడకగదుల రెండు తలుపులకూ హైడ్రాలిక్ క్లోజర్, మూడు తలుపులకు గోడ మీద 150 సెం.మీ. ఎత్తులో కొక్కెం. తెరిచి ఉంచాలంటే కొక్కెం, లేదంటే క్లోజర్ మెల్లగా మూస్తుంది. కొక్కెం తీసేసి మరిచిపోయినా తలుపు విసురుగా పడదు.

క్లోజరుకు రెండు మరలుంటాయి. ఒకటి రెక్క తిరిగే వేగానికి, ఇంకోటి చివరి జానెడు దూరానికి. చాలా ఇళ్ళలో బిగించినవాళ్ళు తలుపు ‘టక్’మని పడాలని రెండోది వదులుగా పెట్టి పోతారు. బిడ్డలున్న ఇంట్లో రెండూ బిగించాలి. పావు చుట్టు కంటే ఎక్కువ ఒక్కసారి తిప్పకూడదు, మరను పూర్తిగా వదిలేస్తే నూనె కారిపోతుంది. 90 డిగ్రీల నుంచి మూత పడేదాకా 8 సెకన్లు పెట్టాం, చివరి జానెడుకే 3 సెకన్లు. ఇంతకంటే నెమ్మదిగా పెడితే గాలికి తలుపు పూర్తిగా మూతపడక సగంలో ఊగుతుంది.

క్లోజరు ఉందని రెక్సిన్ పట్టీ మానకూడదు. మెల్లగా మూసినా బందుల దగ్గర ముప్పై రెట్ల లెక్క మారదు.

ఫోమ్ రూ. 240, స్టాపర్లు 360, క్లోజర్లు 2,300, కొక్కేలు 135.

ఇప్పటిదాకా: రూ. 5,010.

ఆగస్టు: గడియలు, అడుగు సందులు

లోపలి నుంచి గడియ పడి బిడ్డ గదిలో ఒంటరిగా ఉండిపోవడం ఇంకో ప్రమాదం. రెక్క కింది సగంలో ఉన్న గడియలు, చిలుకులు అన్నీ తీసి, 140 సెం.మీ. దగ్గర ఒక్కటే ఉంచాలి. పడకగది బీగాల్లో తాళంచెవి లోపలి వైపు వదలకూడదు. బీరువా తాళంచెవికీ ఇదే మాట.

వీధి వాకిలి నైట్‌ల్యాచ్ దానంతట అదే పడుతుంది. అమ్మ బట్టలు ఆరేయడానికి బయటికి వస్తే గాలికి తలుపు పడి బిడ్డ లోపల, తల్లి బయట. ల్యాచ్ నాలుకను వెనక్కి పట్టి ఉంచే చిన్న మీట ఉంటుంది, పగటిపూట అది వేసే ఉంచాలి. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన ఏర్పాటు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేదు. ఇంకో తాళంచెవి పక్కింట్లో ఉంది.

స్నానాల గదికి, లోపల గడియ పడినా బయటి నుంచి నాణెంతో తిప్పి తీసే బీగం పెట్టాం. పీవీసీ తలుపు లోపల బోలు. మామూలు స్క్రూలు నాలుగు రోజులు నిలిచి, తర్వాత రంధ్రం పెద్దదై ఊడతాయి. తలుపు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయే బోల్టు, రెండు వైపులా వెడల్పు వాషరు, లోపలి వైపు గుండ్రటి టోపీ నట్టు, ఇలా బిగించాలి. బయట 140 సెం.మీ. ఎత్తులో ఒక టవర్ బోల్టు తప్పనిసరి. బకెట్లో నీళ్ళున్న స్నానాల గదిలోకి బిడ్డ వెళ్ళకుండా ఆపేది అదొక్కటే. తలకిందులుగా పడితే కొన్ని అంగుళాల నీళ్ళు కూడా ప్రాణం తీస్తాయి. అలాంటి బోల్టే వీధి వాకిలికి ఇంకొకటి.

అడుగు సందు: అవతలి నుంచి బిడ్డ వేళ్ళు పెట్టి ఉండగా ఇవతల తలుపు తీస్తే చర్మం లేచిపోతుంది. పడకగది రెక్క తిరిగే దారిలో సందు 4, 7, 11, 12 మి.మీ. వచ్చింది, గ్రానైటు అంత వాలుగా ఉంది. రబ్బరు పట్టీ పెడితే 4 మి.మీ. దగ్గర నేలకు పట్టేసి తలుపు కదలదు. బ్రష్ పట్టీ అయితే వంగిపోతుంది. మూడు తలుపులకూ బ్రష్షే.

బీగం రూ. 420, టవర్ బోల్టులు రెండు 220, బోల్టులు, వాషర్లు, నట్లు 70, బ్రష్ పట్టీలు 570.

ఇప్పటిదాకా: రూ. 6,290.

ఆగస్టు చివర: జాలీ, పూజ గది, మిద్దె గేటు

దోమల జాలీ తలుపు తీసేయలేం, దోమలు అలాంటివి. కానీ దాని స్ప్రింగు పిడి దగ్గర 4.2 కిలోల బలంతో లాగుతోంది. సన్న స్ప్రింగు వేసి చట్రానికి మూడు చోట్ల రబ్బరు బొడిపెలు స్క్రూతో బిగిస్తే 1.8 కిలోలకు దిగింది. తలుపు మూతపడుతుంది, చప్పుడు లేదు. రూ. 100.

పూజ గది తలుపుల గంటలు 25 మి.మీ. ఉన్నాయి, కొక్కేలు పలుచటి తీగ. కింది వరుసల్లోవి 125 సెం.మీ. ఎత్తు దాకా విప్పి పై వరుసల్లో రెండేసి కట్టాం. జోడు రెక్కల పైన చిన్న చిలుకు ఉన్నదే, దాన్నే వాడుతున్నాం. వీధి వాకిలి తోరణానికి గుండుసూదులు మానేసి దారం.

మిద్దె గేటుకు అడ్డకమ్మీలు 15 సెం.మీ. దూరంలో ఉన్నాయి, బిడ్డకు అది నిచ్చెన. రేకు కప్పితే మేలో ముట్టుకుంటే కాలుతుంది. లోపలి వైపు నిలువు కమ్మీలు 6 సెం.మీ. సందుతో వెల్డింగ్ చేయించి, అడ్డకమ్మీలు మెట్ల వైపు పడేలా గేటు తిప్పి బిగించడం సరైన పని. తెరుచుకునేది ఇంటి వైపుకే ఉండాలి, మెట్ల మీదికి కాదు. వెల్డింగు రూ. 1,400.

ఇప్పటిదాకా: రూ. 7,790. వడ్రంగి కూలి 2,200 కలిపితే 9,990. అందులో తీసేసిన వస్తువులవి 1,300.

బ్రహ్మోత్సవాలప్పుడు: చుట్టాలు

ఇల్లు నిండా జనం, పుట్టువెంట్రుకలు తీయించడానికి తెచ్చిన బిడ్డలు. ఎవరికీ ఏమీ చెప్పకుండా చూడటమే పరీక్ష.

రెక్సిన్ పట్టీలు, బ్రష్‌లు, జాలీ తలుపు అలాగే ఉన్నాయి. క్లోజరు చేతికి తడి తువ్వాళ్ళు ఆరేశారు. బరువుకు చేయి స్క్రూలు వదులయ్యాయి, బిగించాక అక్కడికి దగ్గరలో బట్టల తాడు కడితే ఆగింది. స్నానాల గదిలో నాలుగేళ్ళ బిడ్డ గడియ వేసుకుంది. బయటి నుంచి తీయబోతే బీగం చీలికలో రూపాయి బిళ్ళ పట్టలేదు, మందం ఎక్కువ. చదును స్క్రూడ్రైవరు ఒకటి తలుపు పక్కనే 160 సెం.మీ. ఎత్తులో దారంతో వేలాడదీసి ఉంది ఇప్పుడు. కొనేటప్పుడే నాణెం పెట్టి తిప్పి చూడండి.

ఎంత చేసినా వేలు నలిగితే: ధారగా చల్లటి నీళ్ళు, ఐసు నేరుగా పెట్టకూడదు. గోరు లేచినా, వేలు వంకర పోయినా, రక్తం ఆగకున్నా ఆసుపత్రి. కొస తెగిపడితే తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి తీసుకుపోవాలి. 108కి ఫోను చేసేటప్పుడే ఈ సంగతి చెప్పాలి. ఈ నాలుగు వాక్యాలు ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాం.

నవంబరు: వాన

ఈశాన్య రుతుపవనాల తడికి రెక్కలు ఉబ్బాయి. గడియ వైపు సందు 3 నుంచి 1 మి.మీ.కు పడింది. ఉబ్బిన తలుపును క్లోజరు చివరిదాకా లాగలేదు, సగంలో ఆగుతుంది. అప్పుడు మనుషులు కాలితో తంతారు. వేగం మరలు వదులు చేసి బలవంతంగా మూయించడం తప్పు దారి. వాన తెరిపి ఇచ్చిన రోజు చూసుకుని గడియ వైపు అంచు మాత్రం చిత్రిక పట్టించి 3 మి.మీ. తెచ్చాం. రెక్క పై అంచు, అడుగు అంచు చూస్తే రంగు లేదు. తడి అక్కడి నుంచే ఎక్కుతోంది. రెక్కలు దించి రెండు అంచులకూ ప్రైమరు, రెండు పూతల పెయింటు. బ్రష్ పట్టీలు మళ్ళీ కొలిచి బిగించాలి, రెక్క ఎత్తు మారి ఉంటుంది.

చిత్రిక, పెయింటు రూ. 650. మొత్తం: రూ. 10,640.

డిసెంబరు: మరల సర్దుబాటు

చలికి క్లోజర్ నూనె చిక్కబడి మూత పడే సమయం 8 నుంచి 11 సెకన్లకు పెరిగింది. పావు చుట్టు వదిలితే 8కి వచ్చింది. మేలో నూనె పలచబడి వేగం పెరుగుతుంది, అప్పుడు తిరిగి బిగించాలి. ఏప్రిల్ చివరన సెకన్లు లెక్కపెట్టాలని క్యాలెండరులో రాసి ఉంది. రెక్సిన్ మడత గీత దగ్గర సన్న పగుళ్ళు మొదలైతే పట్టీ మార్చాలి. పడమటి గదిది ముందు పోతుంది, దానికి సరిపడా ముక్క కుట్టించి పక్కన పెట్టాం.

పెరటి రేకు తలుపు మిగిలింది. దాని అంచులు కోసుకునేలా ఉన్నాయి, అడుగు సందు 40 మి.మీ. అంచుకు రబ్బరు బీడింగు, అడుగున చెక్క పలక అనుకుంటున్నాం. బీడింగు లోపల ఇనుప క్లిప్పు ఉన్న రకమే రేకుకు పట్టి నిలుస్తుంది, జిగురుది వద్దు.